తోట ఏదైనా.. కొలను లెక్క ఒక్కటే
వేసవిని తట్టుకునే లోతు, వరదను ఆపే మత్తడి ఉంటేనే కోయి చేపలు

హన్మకొండ: ఇంటి ఆవరణలో చిన్న కొలను. అందులో ఎరుపు, తెలుపు, నలుపు, పసుపు వర్ణాల్లో మెల్లగా కదలాడే చేపలు. చుట్టూ పచ్చదనం. సొంతిల్లు కట్టుకునే వారిలో పలువురిని ఆకర్షిస్తున్న దృశ్యమిది. అయితే చిత్రాల్లో చూసిన కొలనును ఉన్నదున్నట్లుగా ఇక్కడ దింపితే మొదటి మే నెలలోనే చేపలు తేలిపోయే ప్రమాదం ఉంది. మంచు కురిసే జపాన్ కొండ పల్లెల్లో పుట్టిన అలంకారం, పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలను దాటే ఓరుగల్లులో నిలవాలంటే కొన్ని ఏర్పాట్లు తప్పనిసరి.

తోటను ఏ శైలిలో తీర్చిదిద్దుకోవాలన్నది యజమాని అభిరుచి. నీటి లెక్క మాత్రం ఎవరి అభిరుచికీ లోబడదు. ఈ లెక్క మన జిల్లాకు కొత్తదీ కాదు. నీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ తూము గుండా దిగుతుంది, ఏ మత్తడి మీదుగా పొర్లుతుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చూసుకున్న తర్వాతే కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులకు కట్ట కట్టారు. పెరట్లోని పది అడుగుల కొలనుకూ ఆ మూడు ప్రశ్నలే వర్తిస్తాయి.

జరీ చీర కట్టిన బంగారు తీగ

కోయి అనగానే అదేదో అపురూపమైన విదేశీ జాతి అనుకుంటారు. నిజానికి మన చెరువుల్లో వలకు చిక్కే 'బంగారు తీగ' చేపకు ఇది రంగుల రూపం. మార్కెట్‌లో కామన్ కార్ప్‌గా పిలిచే ఆ చేపనే తరతరాలుగా రంగుల కోసం ఎంపిక చేసి పెంచగా కోయి రూపొందింది. జపాన్‌లో దీనిని నిషికిగోయ్ అంటారు. నిషికి అంటే జరీ నేత వస్త్రం. జరీ వస్త్రం కట్టుకున్న చేప అన్నమాట.

జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో యమకోషి పరిసర పల్లెల వరి రైతులు మెట్ల పొలాలకు నీరందించే కుంటల్లో ఈ చేపలను ఆహారం కోసం పెంచేవారు. మంచుతో దారులు మూసుకుపోయే చలికాలంలో అవే వారికి మాంసాహారం. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ కుంటల్లో అక్కడక్కడ ఎర్రని, తెల్లని మచ్చలున్న చేపలు కనిపించాయి. రైతులు వాటిని వండుకోకుండా వేరుచేసి, ఒకదానితో ఒకటి జతకట్టించారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో ఈ చేపలు జపాన్ అంతటికీ, ఆ తర్వాత ప్రపంచానికీ పరిచయమయ్యాయి. 2004 అక్టోబరు 23న సంభవించిన భూకంపంలో యమకోషిలో కొండచరియలు విరిగిపడి కుంటలు తెగిపోయాయి. గ్రామం యావత్తు ఖాళీ చేయవలసి వచ్చింది. అయినా అక్కడి రైతులు తిరిగివచ్చి పెంపకాన్ని నిలబెట్టుకున్నారు.

తెల్లని మేనిపై ఎర్రని మచ్చలుంటే కొహాకు, వాటికి నలుపు చుక్కలు తోడైతే సాంకే, నల్లని మేనిపై ఎరుపు, తెలుపు ఉంటే షోవా, ఒకే లోహపు మెరుపుతో ఉంటే ఓగాన్ అని పిలుస్తారు. ఈ రంగులను పైనుంచి చూసి ఆనందించేందుకే చేపను తీర్చిదిద్దారు. అందుకే కోయికి అద్దాల తొట్టి కన్నా నేలలోని కొలను అందాన్నిస్తుంది.

కొనేముందు కొలతలు

దుకాణంలో నాలుగు అంగుళాలున్న కోయి సరైన పోషణ లభిస్తే కొన్నేళ్లలో రెండు అడుగుల వరకు పెరుగుతుంది. పాతికేళ్లకు మించి జీవించగలదు. కనుక కొలను కొలత నేటి చేపపిల్లను బట్టి కాక రేపటి పెద్ద చేపను బట్టి ఉండాలి. ఎదిగిన ఒక్కో చేపకు వెయ్యి లీటర్ల నీరు ఉండాలన్నది స్థూలంగా పాటించదగిన సూత్రం.

ఉదాహరణకు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల నీటి లోతు గల కొలనును తీసుకుందాం. దీని పరిమాణం 240 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 6,800 లీటర్లు. అంటే ఆరు లేదా ఏడు పెద్ద చేపలకు చాలుతుంది. చిన్నవే కదా అని ముప్పై చేపలను వదిలితే రెండో ఏటికి ఇరుకు మొదలై, రోగాలు, మరణాలు తప్పవు.

నీటి ఖర్చునూ ముందే అంచనా వేసుకోవాలి. ఇదే కొలను ఉపరితలం దాదాపు 5.6 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 45 లీటర్లు తగ్గుతాయి. దీనికి తోడు వారానికి పదో వంతు, అంటే 680 లీటర్లు తీసివేసి కొత్త నీరు పోయాలి. తీసిన నీరు వృథా కాదు. చేపల విసర్జితాల వల్ల అందులో నత్రజని ఉంటుంది. అరటి, కరివేపాకు, పూల మొక్కలకు ఇది మంచి ఎరువు. తోటకు ఎలాగూ పోయవలసిన నీటినే ముందు కొలనులోంచి పారించినట్లయితే అదనపు భారం చాలావరకు తగ్గుతుంది. ఏటా వేసవిలో బోరు ఎండిపోయి, ట్యాంకర్‌పై ఆధారపడే ఇళ్లవారు ఈ ఆలోచనను విరమించుకోవడమే మేలు.

ఎండే అసలు పరీక్ష

కోయికి 18 నుంచి 26 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. 30 డిగ్రీలు దాటాక అది ఒత్తిడికి లోనవుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోవడమే దీనికి ప్రధాన కారణం. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు, 35 డిగ్రీల వద్ద ఏడులోపునకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం మరింత ప్రాణవాయువును కోరుతుంది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారం వంటిదే ఈ పరిస్థితి.

రెండు అడుగుల లోతు గల సిమెంటు తొట్టి మే నెల మధ్యాహ్నానికి కాగుతుంది. నాలుగైదు అడుగుల లోతు ఉండి, అధిక భాగం భూమిలోనే ఉన్న కొలనులో అడుగు నీరు చల్లగా నిలుస్తుంది. కొలనుకు పడమటి వైపు నీడ ఉండడం మరీ ముఖ్యం. పందిరికి పారే తీగలు గానీ, వేసవి నాలుగు నెలలు కట్టే ఆకుపచ్చ నీడవల గానీ సరిపోతుంది. ఉపరితలంలో మూడో వంతు కలువ ఆకులతో కప్పినా మేలే. అయితే కోయి అడుగున మట్టిని తవ్వి వేళ్లను కొరుకుతుంది. కలువ దుంపలను వెడల్పాటి కుండీలో నాటి, మట్టిపై గుండ్రాళ్లు పరచవలసి ఉంటుంది.

చేపలు ఎక్కువగా తెల్లవారుజామున చనిపోతుంటాయి. పగలు ప్రాణవాయువును విడుదల చేసే నాచు, నీటి మొక్కలు రాత్రివేళ దానినే పీల్చుకోవడం ఇందుకు కారణం. కాబట్టి కరెంటు ఆదా కోసం రాత్రి జలధారను ఆపివేయడం చేపల ప్రాణాల మీదికి తెస్తుంది. 60 వాట్ల మోటారు ఇరవైనాలుగు గంటలూ నడిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు ఖర్చవుతుంది. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీతో కూడిన గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

వేసవిలో కొందరు బోరు నీటిని నేరుగా కొలనులోకి వదులుతుంటారు. బోరు నీరు చల్లగా ఉన్నా, భూగర్భం నుంచి వచ్చినందున అందులో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. చిల్లుల గొట్టం గుండా జల్లుగా పడేటట్లు చేస్తే గాలి కలుస్తుంది. నల్లా నీటిలోని క్లోరిన్ చేప మొప్పలను దెబ్బతీస్తుంది. తెరచిన డ్రమ్ములో ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచి, ఆ తర్వాత పోయడం క్షేమకరం.

నీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు

కొలను స్వచ్ఛంగా కనిపించినంత మాత్రాన నీరు సురక్షితమని చెప్పలేం. చేపలు విసర్జించే అమోనియా కంటికి కనిపించని విషం. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం అంత హాని చేయదు, మొక్కలకు ఆహారమవుతుంది. ఈ బ్యాక్టీరియా నివసించేందుకు గులకరాళ్లు, స్పాంజి, ప్లాస్టిక్ జాలి వంటివి నింపిన వడపోత తొట్టి కావాలి. రెండు గంటలకోసారి కొలనులోని నీరంతా దాని గుండా ప్రవహించాలి.

కొత్త కొలనులో ఈ సూక్ష్మజీవుల సంతతి స్థిరపడేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోగా అన్ని చేపలనూ ఒకేసారి వదలడం వల్లనే చాలాచోట్ల మొదటి నెలలోనే నష్టం వాటిల్లుతుంది. ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టి, అమోనియా పరీక్ష చేసుకుంటూ సంఖ్యను పెంచాలి. వడపోత జాలిని నల్లా నీటితో కడిగితే క్లోరిన్ వల్ల బ్యాక్టీరియా నశిస్తుంది. కొలను నీటితోనే కడగాలి.

కొత్త సిమెంటు నుంచి సున్నం కరిగి నీటి క్షారగుణం ప్రమాదకర స్థాయికి చేరుతుంది. కొలనును నింపి వారం ఉంచి ఖాళీ చేయడం మూడు నాలుగు సార్లు జరగాలి. ఉదజని సూచిక 7 నుంచి 8.5 మధ్య నిలిచిన తర్వాతే చేపలను వదలాలి.

ఏ తోటకు ఏ కొలను?

భవంతి ఇళ్ల నడిమి వాకిలి: నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి ఉండే పాత ఇళ్ల పద్ధతిలో మళ్లీ కట్టుకునే వారు ఆ వాకిట్లో కొలనును కోరుకోవడం సహజం. మధ్యాహ్నం కొద్దిసేపు మాత్రమే ఎండ పడటం దీని సుగుణం. సమస్య వానతోనే. చుట్టూ పైకప్పు నీరంతా వాకిట్లోకే దిగుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పుపై గంటకు 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 4,600 లీటర్లకు పైగా నీరు చేరుతుంది. ఇది మన ఉదాహరణ కొలనులో మూడింట రెండు వంతులు. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు దీనితోపాటే వస్తాయి. వాన నీటిలో లవణాలు లేనందున నీటి గుణం ఒక్కసారిగా మారిపోతుంది. చూరు నీటిని వేరే కాలువ ద్వారా ఇంకుడు గుంతకు మళ్లించి, కొలను గట్టును వాకిలి మట్టానికి అడుగు ఎత్తున కట్టుకోవాలి.

జపాన్ తరహా తోట: ఒక వైపుకు మరొక వైపు అద్దం పట్టినట్లు ఉండకపోవడం, రాళ్లకు ప్రాధాన్యమివ్వడం, పూల కన్నా ఆకుల పచ్చదనానికి పెద్దపీట వేయడం దీని లక్షణాలు. ఏకశిలానగరంగా పేరొందిన ఓరుగల్లులో గ్రానైటు బండలకు కొదవ లేదు. దూరం నుంచి ఖరీదైన రాళ్లు తెప్పించుకోవలసిన పని లేదు. అయితే క్వారీలో పగులగొట్టిన పదునైన రాళ్లను నీటి లోపల ఉంచితే చేపల పొట్ట చీరుకుపోతుంది. నీటిలో గుండ్రాళ్లనే వాడాలి. ఎండకు కాగిన బండల మీదుగా పారే జలపాతం కొలనును మరింత వేడెక్కిస్తుంది. బండలపై నీడ పడేటట్లు వెదురు పొదలు పెంచుకోవచ్చు. వెదురు వేళ్లు కొలను గోడలోకి చొరబడకుండా అడ్డుగోడ అవసరం.

చార్‌బాగ్ తరహా: నాలుగు సమ భాగాలు, వాటిని విడదీసే నీటి కాలువలు, నడుమ తొట్టి, ఫౌంటెన్. తాజ్‌మహల్ ముందు కనిపించే తోటది ఇదే పద్ధతి. చదునైన చతురస్రపు స్థలాలకు ఇది చక్కగా నప్పుతుంది. ఫౌంటెన్ వల్ల నీటిలో గాలి కలవడం అదనపు లాభం. అయితే అడుగు లోతు కాలువల్లో చేపలను వదిలితే వేసవికి తాళలేవు. నడిమి తొట్టిని మాత్రమే లోతుగా తవ్వి, కాలువల మొదట్లో జాలి బిగించి చేపలను అక్కడే ఉంచాలి.

కోనేటి తరహా: వేయిస్తంభాల గుడి, శివనగర్ మెట్ల బావి చూసిన కళ్లకు మెట్లున్న కొలను మీద మోజు కలగడంలో ఆశ్చర్యం లేదు. మెట్లు చూడముచ్చటగా ఉన్నా, నీటిలో మునిగిన మెట్టు కొంగకు నిలబడే వేదికగా మారుతుంది. పసిపిల్లలు దిగేందుకూ అదే దారి. నీటి మట్టం వరకు మెట్లు పేర్చి, ఆ దిగువ గోడను నిటారుగా కట్టడం ఉత్తమం. మూలలు గుండ్రంగా ఉంటే నీరు నిలిచిపోకుండా తిరుగుతుంది.

పచ్చిక తోట: విశాలమైన పచ్చిక, అంచుల్లో పూల బారులు ఉండే ఆంగ్లేయుల పద్ధతి ఇది. పచ్చికకు చల్లే యూరియా, పురుగు మందు వానకు కొట్టుకొచ్చి కొలనులో చేరడం ఇక్కడి ముప్పు. గట్టును కనీసం అర అడుగు ఎత్తు చేసి, చుట్టూ గులకరాళ్ల పట్టీ వేయాలి. ఒక పక్కన చిన్న తడి మడి ఏర్పాటు చేసి మెట్టతామర, వస, వట్టివేరు నాటి, వడపోత నీటిని అందులోంచి పారించినట్లయితే అవి నైట్రేట్‌ను పీల్చుకుంటాయి. గన్నేరును మాత్రం కొలనుకు దూరంగా ఉంచాలి. దాని ఆకులు విషపూరితం. రావి, మర్రి వేళ్లు గోడలను పగులగొడతాయి.

మిద్దె తోట: ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఘనపు మీటరు నీరు టన్ను బరువుంటుంది. నాలుగు అడుగుల లోతు కొలను చదరపు మీటరుకు 1,220 కిలోల భారం మోపుతుంది. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలు మాత్రమే. అంటే ఎనిమిది రెట్లు. గోడలు, రాళ్ల బరువు దీనికి అదనం. లోతు తగ్గిస్తే చేపలు ఎండకు నిలవవు, పెంచితే ఇల్లే నిలవదు. మిద్దె మీద కోయి కొలను ఆలోచన మానుకోవాలి. దూలం ఉన్న చోట చిన్న కలువ తొట్టి పెట్టుకుని, దోమలు పెరగకుండా వారానికోసారి నీరు మార్చుకుంటే చాలు.

మత్తడి దాటితే చెరువుల్లోకి..

కాకతీయుల నాటి చెరువులది గొలుసుకట్టు అమరిక. ఎగువ చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఈ అమరికే నేడు పెరటి కొలనును ఊరి చెరువుతో కలుపుతోంది. 2023 జులై 27న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. అదే వరదలో వరంగల్, హన్మకొండ నగరాల్లోని కాలనీలు నీట మునిగాయి. కొలను అంచున అర అడుగు ఖాళీ ఉంచినా అది 15 సెంటీమీటర్లే. అటువంటి వాన కురిస్తే కొలను పొంగి చేపలు వీధి కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి, చివరకు చెరువులోకి చేరుతాయి.

చెరువులో బంగారు తీగ ఎలాగూ ఉంది కదా, కోయి చేరితే నష్టమేమిటన్న ప్రశ్న వస్తుంది. దీనికి సమాధానం రోగాల్లో ఉంది. 1998లో ఇజ్రాయెల్, అమెరికాల్లో కోయి హెర్పిస్ వైరస్ వ్యాధి బయటపడింది. 2003లో జపాన్‌లోని కసుమిగౌర సరస్సులో పెంచుతున్న కార్ప్ చేపలను అది పెద్ద ఎత్తున బలిగొంది. మనుషులకు ఇది సోకదు. బొచ్చె, రవ్వ చేపలకూ ఈ వ్యాధి రాదు. కోయికి, దాని మూలమైన కామన్ కార్ప్‌కు మాత్రం ప్రాణాంతకం. దీనికి చికిత్స లేదు. తెలంగాణలో 2016-17లో ప్రారంభమైన ఉచిత చేపపిల్లల పథకం కింద చెరువుల్లో వదిలిన రకాల్లో బంగారు తీగ ఒకటి. మత్స్య సహకార సంఘాల్లోని కుటుంబాలకు అది ఏడాది రాబడి. ఒక ఇంటి అలంకారం వారి వలకు గండి కొట్టరాదు.

రోగం లేకున్నా నష్టమే. కార్ప్ జాతి అడుగు మట్టిని తవ్వి నీటిని బురదమయం చేస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికర ఆక్రమణ జాతులుగా ఐయూసీఎన్ నిపుణుల బృందం రూపొందించిన వంద జీవుల జాబితాలో కామన్ కార్ప్ కూడా ఉంది. కాబట్టి పెంచలేకపోయిన కోయిని భద్రకాళి చెరువులోనో, గుడి కోనేరులోనో వదలడం పుణ్యకార్యం కానేరదు. మరొక పెంపకందారుకు అప్పగించడం, దుకాణానికి తిరిగి ఇవ్వడం సరైన మార్గాలు. చనిపోయిన చేపను సున్నం చల్లి పూడ్చాలే తప్ప కాలువలో పారవేయరాదు.

ఇందుకోసం ప్రతి కొలనుకూ రెండు ఏర్పాట్లు ఉండాలి. అడుగున మురికిని తీసివేసే తూము ఒకటి. అంచుకు అర అడుగు దిగువన, సన్నని జాలి బిగించిన వెడల్పాటి మత్తడి గొట్టం మరొకటి. ఆ గొట్టం వీధి కాలువలోకి కాక తోట మడిలోకి గానీ, ఇంకుడు గుంతలోకి గానీ దిగాలి. జులై నుంచి అక్టోబరు వరకు కొలనుపై వల బిగించి ఉంచాలి. గత వరదల్లో నీరు చేరిన లోతట్టు కాలనీల్లో కొలను జోలికి పోకపోవడమే మంచిది.

మందు చుక్కతో ముప్పు

పత్తి, మిర్చి అధికంగా పండే జిల్లా ఇది. పొలాల వద్ద ఇల్లు కట్టుకుని, నీటికుంటలో కోయిని వదలాలనుకునే వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సింథటిక్ పైరెత్రాయిడ్ తరగతి పురుగు మందులు చేపలకు అత్యంత విషపూరితం. గాలికి కొట్టుకొచ్చే తుంపర చాలు. మందు కొట్టిన పంపును, డబ్బాలను కుంటలో కడిగితే మర్నాటికి చేప మిగలదు. పట్టణాల్లో దోమల నివారణకు వదిలే పొగలోనూ ఇదే తరగతి మందులు వాడుతుంటారు. పొగ యంత్రం వీధిలోకి వచ్చినప్పుడు కొలనుపై పట్టా కప్పి, గాలి పంపును కొద్దిసేపు నిలిపివేయాలి. పొగ తగ్గగానే పట్టా తీసి పంపును తిరిగి నడపాలి.

దోమల విషయంలో కొలను నిందార్హం కాదు. కదిలే నీటిలో దోమలు గుడ్లు పెట్టవు. పెట్టినా కోయి లార్వాలను తినేస్తుంది. కొలను పక్కన వదిలేసిన ఖాళీ కుండీలు, టైర్లు, కొబ్బరి చిప్పల్లో నిలిచే నీరే డెంగీ దోమకు నెలవు.

పిల్లలు.. పక్షులు.. కోతులు

నాలుగు అడుగుల నీరు చేపకు ఎంత అవసరమో పసిబిడ్డకు అంత ప్రమాదకరం. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, పిల్లలు వచ్చిపోయే ఇంట్లో కొలను చుట్టూ మూడు అడుగుల కంచె, గొళ్లెం ఉన్న గేటు ఏర్పాటు చేయాలి. లేదా నీటి మట్టానికి పైన ఇనుప జాలీ పలక బిగించాలి. ఇది పిల్లల బరువును ఆపుతుంది. నీటిలో ఉండే మోటార్లు, దీపాల కరెంటు లైనుకు లీకేజీని పసిగట్టి ఆపివేసే స్విచ్ తప్పనిసరిగా ఉండాలి.

కొంగలు, లకుముకి పిట్టలు, పిల్లులు చేపల కోసం వస్తాయి. కోతుల బెడద ఉన్న కాలనీల్లో అవి నీటిలో దిగి కలువలను పీకివేస్తాయి, గొట్టాలను లాగివేస్తాయి. నీటి గొట్టాలు, తీగలను గట్టు లోపలే పోనిచ్చి, పైన బిగువైన వల కట్టడం ఒక్కటే దీనికి మార్గం. కోతులు వచ్చే చోట కొలను పక్కనే జామ, మామిడి నాటడం వాటిని పిలిచి కూర్చోబెట్టడమే అవుతుంది.

మేత విషయంలో అతి ప్రేమ పనికిరాదు. ఐదు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మిగిలిన మేత కుళ్లి అమోనియాగా మారుతుంది. వేసవిలో ఉదయం, సాయంత్రం మాత్రమే వేయాలి. అతిథులు సరదాగా వేసే బిస్కెట్లు, మరమరాలు, ప్రసాదాలు చేపకు ఆహారం కావు.

దసరాకు తవ్వకం.. సంక్రాంతికి చేపలు

మన వాతావరణానికి అనువైన క్రమం ఇది. వానలు తగ్గి నేల ఆరాక దసరా తర్వాత తవ్వకం మొదలుపెట్టాలి. కార్తీక మాసంలో సిమెంటు పని ముగించి, సున్నం పోయేలా నింపడం, ఖాళీ చేయడం సాగించాలి. డిసెంబరులో వడపోతను నడపాలి. సంక్రాంతి నాటికి మొదటి రెండు చేపలను వదలాలి. అప్పుడు ఎండలు ముదిరేలోగా నీటికి, చేపకు మూడు నెలల వ్యవధి దొరుకుతుంది. ఉగాది తర్వాత మొదలుపెట్టిన కొలను నేరుగా మంటలోకి దూకినట్లే.

హైదరాబాద్ నుంచి గానీ, అలంకార చేపల పెంపకానికి పేరొందిన చెన్నైలోని కొళత్తూరు నుంచి గానీ తెచ్చిన చేపలను సంచీతో సహా అరగంట నీటిపై తేలనివ్వాలి. ఆపై మూడు నుంచి నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి పరిశీలించాలి. మొప్పలు పాలిపోవడం, కళ్లు లోపలికి పోవడం, చర్మంపై మచ్చలు, గోడకు రాసుకోవడం వంటి లక్షణాలుంటే పాత చేపలతో కలపరాదు. సంచీలోని నీటిని కొలనులో పోయరాదు.

ఏ శైలి తోట వేసుకోవాలన్నది చివరగా తేల్చుకోవలసిన అంశం. వేసవిలో బోరు నిలుస్తుందా, రాత్రంతా మోటారు నడపగలరా, పొంగిన నీరు ఎటు పోతుంది, ఇంట్లో పసిపిల్లలున్నారా అన్న ప్రశ్నలకు ముందుగా సమాధానం రావాలి. అన్నింటికీ సానుకూలమైతే జపాన్ బండలైనా, చార్‌బాగ్ కాలువలైనా, కోనేటి మెట్లైనా శోభిస్తాయి. ఒక్కదానికి సమాధానం దొరకకున్నా కలువ తొట్టితో సరిపెట్టుకోవడమే ఇంటికీ, ఊరి చెరువుకూ శ్రేయస్కరం.